కిల్లారి కొత్త వూరు – మేము చూసినది, తెలుసుకున్నది



2024 సెప్టెంబరు ఒకటో తారీఖున మున్నేరు పొంగి ఖమ్మం పట్టణంలో ఏటి వొడ్డు కాలనీలను ముంచివేసిన సంగతి మనలో యెవరమూ మరచిపోలేదు. ఆ వారం రోజులూ మన సొసైటీ తరఫున అన్నం పొట్లాలు, దుప్పట్లు, గిన్నెలు పంచాము. పంచే వరకు యే పేచీ రాలేదు. ఆ తరువాత జరిగిన సర్వసభ్య సమావేశంలో మాత్రం వచ్చింది. యిల్లు పూర్తిగా పోయిన కుటుంబాలకు వూరి బయట మెరక జాగా చూసి, ఒకే కొలతతో వరసగా యిళ్ళు కట్టించి, తాళంచెవులు చేతిలో పెడదామని సగం మంది అన్నారు. "వాళ్ళని అడిగారా?" అని మిగతా సగం మంది అన్నారు. చందాలు వేసేది మనము, అడగడమెందుకని మొదటివారు. వుండేది వాళ్ళు గనుక అడగవలసిందేనని రెండోవారు. రాత్రి పది గంటలైనా మాట తెగలేదు.

అప్పుడు మా పెద్ద సభ్యులొకరు లేచి, "యీ పని పెద్ద యెత్తున చేసిన చోటు ఒకటుంది. వూళ్ళకు వూళ్ళే లేపి పక్కకు పెట్టారు. ముందు అది చూసి రండి, తరువాత వాదించుకోండి" అన్నారు. ఆయన చెప్పినది మహారాష్ట్రలోని కిల్లారి. ఆ మాట మీద మేము ఐదుగురం బయలుదేరాము. అందులో యిద్దరు మహిళా సభ్యులు. వారు వుండడం యెంత మేలైందో ముందు ముందు తెలుస్తుంది. అక్కడ చూసినదీ, దాన్ని గురించి చదివి తెలుసుకున్నదీ యీ సంచికలో సభ్యుల ముందు వుంచుతున్నాము.

అది మన పాత రాజ్యమే

హైదరాబాదు నుంచి అద్దె బండిలో జహీరాబాదు, హుమ్నాబాదు దాటి ఉమర్గా చేరాము. అక్కడ ఉత్తరానికి తిరిగి లాతూరు దారి పడితే కిల్లారి వస్తుంది. దారి పొడుగునా నల్లరేగడి, జొన్న చేలు, కంది, అక్కడక్కడా చెరుకు. భాష మారిందే గాని నేల మారినట్టు లేదు.

మారకపోవడానికి కారణమూ వుంది. 1956 నవంబరు 1 దాకా కిల్లారీ మనమూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో వున్నాము. కిల్లారి అప్పుడు ఉస్మానాబాద్ జిల్లాలోది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వెలసిన జిల్లా అది. రాష్ట్రాల పునర్విభజనలో ఆ ప్రాంతం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్ళింది. 1982లో లాతూరు వేరే జిల్లా అయినప్పుడు కిల్లారి లాతూరు కింద చేరింది. ఉస్మానాబాద్ పేరు 2023లో ధారాశివ్ గా మారింది. కిల్లారిలో హోటల్ దగ్గర దిగి చాయ్ చెప్పగానే పక్క బల్ల మీద వున్న పెద్దాయన మా మాట విని, దక్కనీ ఉర్దూలోనే, "హైదరాబాదు వైపు నుంచా? అయితే మనం మనం ఒకటే. మా తాత లెక్కలన్నీ హాలీ సిక్కాలోనే చెప్పేవాడు" అన్నారు. ఆ చాచాయే తరువాత రోజంతా మా వెంట వున్నారు. కిల్లారి పక్కన ఆయన వున్న కొత్త వూరికి కూడా తీసుకెళ్ళారు.

ఆ తెల్లవారుజాము

1993 సెప్టెంబరు 29 గణేశ్ నిమజ్జనం రోజు. వూళ్ళలో జనం రాత్రి చాలాసేపు మేలుకొని, అలసిపోయి పడుకున్నారు. తెల్లవారితే 30వ తారీఖు. తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు భూమి కదిలింది. దాని తీవ్రతను 6.2 నుంచి 6.4 దాకా లెక్క కట్టారు. లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాలలో దాదాపు 10 వేల మంది చనిపోయారు, సుమారు 30 వేల మంది గాయపడ్డారు. కిల్లారి, సాస్తూరు వంటి వూళ్ళు నేలమట్టమైనవి. ఆ కుదుపు హైదరాబాదులో కూడా తెలిసింది. వెంటనే వానలు పట్టుకొని, శిథిలాల కింద వున్నవారిని తీసే పని మరీ కష్టమైంది.

"కొన్నిచోట్ల చితులకు కట్టె దొరకలేదు. మా వైపు కఫన్ కు గుడ్డ దొరకలేదు" అన్నారు చాచా. "యింటి దుప్పట్లలోనే చుట్టి దఫన్ చేశాము. యెవరి జనాజా నమాజుకు యెవరు నిలబడ్డారో కూడా గుర్తు లేదు." ఆయన యింట్లో నలుగురు పోయారు. యింతకు మించి ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

భూకంపం హఠాత్తుగా వచ్చిందని అంటాము గాని, కిల్లారికి ముందే చెప్పి వచ్చింది. 1992 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడ చిన్న చిన్న కుదుపులు పదేపదే వచ్చాయి. 1992 అక్టోబరు 18న వచ్చినది వాటిలో పెద్దది. జనం భయపడి ఆరుబయట పడుకున్నారు. నెలలు గడిచాయి, పెద్దదేమీ రాలేదు, మళ్ళీ లోపలికి వెళ్ళారు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఆ రోజుల్లో దేశపు భూకంప పటంలో ఆ ప్రాంతం మొదటి మండలంలో, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదం వున్న చోట్లలో వుండేది. దక్కను పీఠభూమి గట్టి బండ, కదలదు అన్నది అందరి నమ్మకం. దగ్గరలో తేర్నా నది మీద మాక్ని వద్ద కట్టిన జలాశయం కారణమేమోనని కొందరన్నారు, దాని మీద శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం రాలేదు. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు తరువాత కిల్లారి వద్ద 617 మీటర్ల లోతు బోరు వేశారు. పైన 338 మీటర్లు నల్లరాతి పొరలే. దాని కింద పలుచని మట్టిరాతి పొర, ఆపైన అతి ప్రాచీనమైన గ్రానైటు జాతి రాయి. అంత గట్టి నేల కూడా కదిలింది. 2002లో పటం సవరించినప్పుడు మొదటి మండలం అనేదే తీసివేశారు.

చంపినది గోడ

చాచా మమ్మల్ని ముందు పాత వూరి జాగాకు తీసుకెళ్ళారు. వేపచెట్లు, తుమ్మ పొదలు, మధ్యలో రాళ్ళ కుప్పలు. ఒక గోడ మొదలు యింకా నడుము యెత్తున నిలిచివుంది. దాని మందం మేము జానలతో కొలిచాము. మూడడుగులకు తక్కువ లేదు.

ఆ ప్రాంతంలో కలిగినవారి యిళ్ళు యిట్లాగే కట్టేవారు. చెక్కని బండరాళ్ళను మట్టి అడుసుతో పేర్చి లావుపాటి గోడలు, లోపల కర్ర స్తంభాలు, పైన దూలాలు, పలకలు, వాటి మీద మూర మందాన మట్టి మిద్దె. యెండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా వుండేది. దొంగల భయం వుండేది కాదు. గోడ యెంత లావైతే యింటికి అంత గౌరవం. కాని ఆ లావు గోడ నిజానికి ఒక గోడ కాదు. లోపలి వరస ఒకటి, బయటి వరస ఒకటి, మధ్యలో రాళ్ళ ముక్కలూ మట్టీ. యిటు అంచు నుంచి అటు అంచు దాకా రెంటినీ పట్టివుంచే పొడుగు రాయి వుండేది కాదు. భూమి వూగగానే రెండు వరసలూ విడిపోయి కూలాయి. కొన్నిచోట్ల కర్ర స్తంభాలు, మిద్దె నిలిచేవున్నాయి. చుట్టూ గోడలు పడి జనం చనిపోయారు.

యింకొక మాట చాచా చెప్పారు, చదివినదీ అదే. వూరి చివర గడ్డి గుడిసెల్లో వున్న కూలీనాలీ జనంలో చావులు తక్కువ. గుడిసె కూలినా మీద పడేది గడ్డే. "మా మామ వూళ్ళో పెద్ద యిల్లు కట్టాడు. మా జీతగాడు గుడిసెలో వుండేవాడు. మామను రాళ్ళ కింద నుంచి తీసింది ఆ జీతగాడే" అన్నారు. మేము కాసేపు మాట్లాడలేకపోయాము.

కొత్త వూరు

ప్రభుత్వం 52 గ్రామాలను పాత జాగాల నుంచి తీసి కొత్త జాగాల్లో కట్టాలని నిర్ణయించింది. ప్రపంచ బ్యాంకు అప్పు యిచ్చింది. దేశం నలుమూలల నుంచి ధర్మ సంస్థలు, వ్యాపార సంఘాలు, కంపెనీలు ముందుకు వచ్చి కొన్ని కొన్ని వూళ్ళను దత్తు తీసుకున్నాయి. పని పూర్తయ్యే దాకా జనం యేళ్ళ తరబడి రేకుల షెడ్లలో వున్నారు. యింత పెద్ద పని అంతకుముందు మన దేశంలో అరుదు. దాన్ని చేసినవారి శ్రమను మేము తక్కువ చేసి చెప్పడం లేదు.

యిళ్ళ కొలత భూమిని బట్టి పెట్టారు. భూమి లేనివారికీ, ఒక హెక్టారు లోపు వున్నవారికీ 250 చదరపు అడుగులు, అంటే 28 గజాలు. ఒకటి నుంచి ఏడు హెక్టార్ల దాకా వున్నవారికి 400 అడుగులు. అంతకు మించినవారికి 750 అడుగులు. పోయిన దాన్ని బట్టి యిచ్చారని ఒకరంటే, వున్నవాడికే యెక్కువ యిచ్చారని యింకొకరు అంటారు. ముప్పై యేళ్ళు దాటినా ఆ వాదన హోటల్ బల్లల మీద యింకా నడుస్తూనే వుంది.

చాచా వుండే కొత్త వూళ్ళో అడుగు పెట్టగానే మాకు పట్నపు కాలనీ గుర్తుకు వచ్చింది. తిన్నని వెడల్పు రోడ్లు, గళ్ళు గీసినట్టు వరసలు, ఒకే పోలిక యిళ్ళు. మొదట చూడ ముచ్చటగానే తోచింది. మా మహిళా సభ్యులిద్దరూ యిళ్ళ లోపలికి వెళ్ళి వచ్చాక మా అభిప్రాయం కొంత మారింది. రోడ్డు మీద నిలబడిన మాకు చెప్పని సంగతులు లోపలి ఆడవారు వారికి చెప్పారు.

పాత వూళ్ళో సందులు యిరుకు. కాని వీధి అరుగు మీద కూర్చుంటే నాలుగిళ్ళ మనుషులు మాటకు అందేవారు. యెండ పడేది కాదు. అన్నదమ్ముల యిళ్ళు ఆనుకొని వుండేవి. కొత్త వూరు పాతదానికంటే చాలా పెద్ద మేర పరచుకొంది. యిల్లు కేటాయించినప్పుడు తల్లి ఒక వరసలో, కొడుకు యింకొక వరసలో పడ్డారు. కాంక్రీటు కప్పు యెండాకాలం కాగిపోతుంది. ఎద్దులకు చోటు లేదు, జొన్న బస్తాలకు చోటు లేదు, వచ్చిన కోడలికి మరుగు లేదు. "యిల్లు బాగానే వుంది ఆపా, కాని యీ యింట్లో వ్యవసాయం చేసేవాడు వుంటాడని కట్టినవాళ్ళకు తెలియదు" అని ఒక గృహిణి అన్నారట. అందుకే చాలా యిళ్ళ ముందు, పక్కన రేకులు వేసి జనమే ఒక పంచ దించుకున్నారు. కొందరు వంటా పడకా ఆ రేకుల కిందనే. దానికి వేడి ఒక్కటే కారణం కాదు. ఆ రాత్రి చూసినవారికి తల మీద బరువైన కప్పు వుంటే నిద్ర పట్టదు.

చాచా యింకొక సంగతి చూపించారు. వారి కొత్త వూళ్ళో మొదట్లో కబరస్థాన్ కు వసతి లేక, జనాజాను పాత వూరి దాకా మోసుకు వెళ్ళేవారట. "మేము యిక్కడికి వచ్చాము గాని, మా వాళ్ళు అక్కడే వుండిపోయారు" అన్నారు.

అయితే యిదొక్కటే చెప్పి వూరుకుంటే మేము అబద్ధం చెప్పినట్టవుతుంది. చివరి వరసలో 28 గజాల యింట్లో వుండే ఒక ముసలమ్మ మా వారితో యింకో విధంగా చెప్పింది. ఆమెకు భూమి లేదు. భర్త కూలి. పుట్టి బుద్ధెరిగాక గుడిసే గాని గోడ యెరుగదు. "యీ తలుపుకు గడియ వుంది బిడ్డా. నా పేరు కాగితం మీద వుంది. వాన వస్తే లేచి కూర్చోనక్కరలేదు. వేడి అంటారా, పొలంలో వేడి లేదా?" అన్నది. అదే యిల్లు పెద్ద రైతుకు యిరుకు, ఆమెకు మేడ. యెవరికి యేమి కావాలో యివతల నుంచి మనం లెక్క వేయలేమని మాకు అక్కడే తెలిసింది.

అడిగినచోట యేమైంది

యీ కథలో సభ్యులు గమనించవలసిన రెండో భాగం వుంది. పూర్తిగా కూలని వూళ్ళు వందలకొద్దీ వున్నాయి. వాటిలో యిళ్ళు లేపి కట్టలేదు. ప్రభుత్వం డబ్బూ సిమెంటూ విడతలుగా యిచ్చింది, యింజనీర్లను పంపింది, యెవరి యిల్లు వారే బాగుచేసుకున్నారు. ఆ విధంగా లక్షకు పైగా యిళ్ళు బాగయ్యాయి. గోడలో రంధ్రం చేసి రెండు వరసలనూ పట్టివుంచే కాంక్రీటు బందులు వేయడం, మిద్దె మీద అదనపు మట్టి దించడం, గుమ్మాల పైన గోడ చుట్టూ పట్టీ తిప్పడం మేస్త్రీలకు నేర్పారు. స్వయం శిక్షణ ప్రయోగ్ అనే సంస్థ వూరివారి ఆడవారినే ప్రభుత్వానికీ గ్రామానికీ మధ్య మాట మోసేవారిగా నిలబెట్టింది. యే విడత డబ్బు వచ్చింది, గోడలో యేమి పెట్టాలి, యేది మోసం అన్నది వారే యింటింటికీ చెప్పారు.

2001 జనవరి 26న గుజరాత్ లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు లాతూరు ఆడవారు అక్కడికి వెళ్ళి తమ అనుభవం చెప్పారు. గుజరాత్ ప్రభుత్వం కూడా వూళ్ళను మొత్తంగా తరలించే ఆలోచనను చాలామటుకు వదలి, యెక్కువ భాగం యిళ్ళను యజమానులే కట్టుకొనేటట్టు డబ్బూ సలహా యిచ్చే పద్ధతి పట్టింది. కిల్లారిలో తెలిసిన పాఠం అట్లా యింకొక చోట పనికి వచ్చింది. 2005లో దేశానికి విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది.

యింకొకటి కూడా చెప్పాలి. పుణెకు చెందిన భారతీయ జైన సంఘటన అనే సంస్థ ఆ భూకంప ప్రాంతపు పిల్లలను 1,200 మందిని పుణె తీసుకువెళ్ళి, వుండడానికి చోటు చూపి చదివించింది. యిల్లు కట్టినవారి పేర్లున్న శిలాఫలకాలు కొత్త వూళ్ళలో వెలసిపోతున్నాయి. చదువుకు వెలసిపోవడం లేదు. మన సొసైటీ స్కాలర్‌షిప్ నిధికి చందా యిచ్చేటప్పుడు "యింతేనా" అని వెనకాడే సోదరులు యీ సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి.

మనకు వర్తించేది

కిల్లారి దూరమనుకోవద్దు. మన దగ్గరా భూమి కదలని చోటు కాదు. 1969 ఏప్రిల్ లో భద్రాచలం వద్ద 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు మన యిళ్ళలో గిన్నెలు గలగలలాడినవి, అందరం వీధిలోకి పరుగెత్తాము. మధ్యాహ్నానికి మరచిపోయాము. 1992లో కిల్లారివారూ కొన్ని నెలలకు అట్లాగే మరచిపోయారు. మున్నేరు వొడ్డున మనం యే యింటికి మరమ్మతు చేయించినా, సున్నం వేయించే ముందు గోడను ఒక మంచి మేస్త్రీకి చూపించాలని మా మొదటి మనవి.

తిరిగి వచ్చాక మేము యింకొక పని చేశాము. సమావేశంలో పేర్లు వచ్చిన కుటుంబాలలో నాలుగింటికి వెళ్ళి, ముందే చేయవలసిన ప్రశ్నను ఆలస్యంగానైనా అడిగాము. "మీకు యేమి కావాలి?" ఒకరు వూరి బయట మెరక జాగా యిస్తే రేపే వెళ్తామన్నారు, నీళ్ళు రెండుసార్లు చూశాము, మూడోసారి చూడలేమన్నారు. ఒకరు పిల్లల బడి, భర్త మెకానిక్ షాపు యిక్కడే గనుక కదలము, అరుగు మూడడుగులు లేపి యిస్తే చాలునన్నారు. ఒక వితంతువు యిల్లు కంటే ముందు కొట్టుకుపోయిన కుట్టు మిషను అడిగింది. నాలుగో యింటి పెద్దాయన చాలాసేపు వూరుకొని, "యింటి కాగితాలు వరదలో పోయాయి. అవి తెప్పించండి, యిల్లు నేను కట్టుకుంటాను" అన్నారు.

నాలుగిళ్ళు, నాలుగు జవాబులు. మనం తీర్మానించబోయిన ఒకే కొలత వరస యిళ్ళు వాటిలో ఒక్కదానికే సరిపోయేవి.

కనుక మా బృందం మనవి యేమంటే, వచ్చే సర్వసభ్య సమావేశానికి ఆ కుటుంబాల నుంచి ఒక మగవారిని, ఒక ఆడవారిని పిలవాలి. వారు వెనక వరసలో కాక, మనతోపాటు కుర్చీలలో కూర్చోవాలి. తీర్మానం వారు మాట్లాడిన తరువాతనే రాయాలి. మేము బయలుదేరేటప్పుడు చాచా బండి దాకా వచ్చి ఒక మాట అన్నారు. "మాకు యిల్లు యిచ్చిన వారందరూ మంచివాళ్ళే. అల్లాహ్ వారికి ప్రతిఫలం యివ్వాలి. కాని ఒక్కరైనా వచ్చి మా పొయ్యి యే మూల వుండాలో అడిగివుంటే బాగుండేది."